ఏ క్రిమో తేల్చకుండా విరేచనాలకి టీకా ఎలా వస్తుంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలైతే చాలు మీ జిల్లా పేజీలో ఏటా ఒకే రకం వార్త, ఫలానా ఊళ్ళో డయేరియా ప్రబలింది, ఇంతమంది ఆసుపత్రిలో చేరారు, మెడికల్ క్యాంపు పెట్టారు, ట్యాంకు కడిగించారు, నీళ్ళ శాంపిల్స్ ల్యాబ్‌కి పంపారు, పరిస్థితి అదుపులోనే ఉంది. 2024 అక్టోబర్‌లో మా విజయనగరం జిల్లా గుర్లలో జరిగినప్పుడు కూడా ఎంతమంది పోయారన్న లెక్క మీదే రోజుల తరబడి గొడవ నడిచింది గానీ ఆ విరేచనాలు ఏ బ్యాక్టీరియా వల్ల అన్నదాని మీద అందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు. నేను గవర్నమెంట్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి, ఈ ఒక్క విషయం మీద ఎవరూ గట్టిగా అడగడం లేదన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

విరేచనాలు కలిగించే బ్యాక్టీరియాలకి టీకాలు తయారు చెయ్యడంలో ఇవాళ ప్రపంచం మొత్తం హైదరాబాద్ వైపు చూస్తోంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్ వాళ్ళు 2009లో షాంకోల్ అని నోటి ద్వారా తాగే కలరా టీకా తెచ్చారు, అంతకుముందే 2006లో కలకత్తా బస్తీల్లో ఆ టీకా మీద పెద్ద ట్రయల్ మొదలైంది, దాదాపు 67 వేల మందిని అందులో చేర్చి ఐదేళ్ళు గమనిస్తే 65 శాతం రక్షణ కనిపించింది. ఆఫ్రికాలో, హైతీలో ఎంతోమందికి అందిన టీకా అది. తర్వాత ఆ కంపెనీని కొన్న ఫ్రెంచ్ కంపెనీ సనోఫీ 2023 చివరికి దాని ఉత్పత్తి, సరఫరా ఆపేసింది, ప్రపంచ అత్యవసర నిల్వకి ఒక్క కొరియా కంపెనీయే దిక్కయింది. కొరత అంతకుముందే మొదలైంది, 2022 అక్టోబర్ నుంచి రెండు డోసులు వెయ్యాల్సిన చోట ఒకటే వేసి సరిపెట్టాల్సొచ్చింది. 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ హిల్‌కోల్ అని ఇంకో కలరా టీకా బయటికి తెచ్చింది, హైదరాబాద్, భువనేశ్వర్ ప్లాంట్లు కలిపి ఏడాదికి 20 కోట్ల డోసుల దాకా చెయ్యగలమని చెప్పారు. ఇంత చేస్తున్నా మన దేశపు టీకాల కార్యక్రమంలో మాత్రం కలరా టీకా లేదు. గంట దూరంలో ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో గత్తర వచ్చినా అక్కడి పిల్లలకి ఆ చుక్క అందదు.

ఎందుకు లేదు అని అడిగితే లెక్కలు లేవు అంటారు. లెక్కలు ఎందుకు లేవో నేను చెప్తాను, ఏళ్ళ తరబడి కళ్ళారా చూశాను కాబట్టి.

అర్ధరాత్రి ఆటోలో మనిషిని తెస్తారు, కళ్ళు గుంటలు పడి, చేతి మీద చర్మం లాగితే అలాగే ముడతగా నిలబడిపోయి, మాట కూడా పెగలదు. డ్యూటీలో ఉన్న సిస్టర్ ముందు సెలైన్ పెడుతుంది, అది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, ప్రాణం నిలబెట్టేది అదే. దాంతోపాటే యాంటీబయాటిక్ కూడా ఎక్కించేస్తారు. కేసులు పెరిగి పై నుంచి ఫోన్ వచ్చాక మర్నాడు పదింటికి ఎవరికో శాంపిల్ సంగతి గుర్తొస్తుంది, అప్పటికి మందు పనిచేసి క్రిమి చచ్చిపోయుంటుంది. ఆ శాంపిల్ తీసిన దూది పుల్లని, అంటే స్వాబ్‌ని, దారిలో క్రిమి చావకుండా ఉంచే కేరీ బ్లెయిర్ మీడియం ఉన్న ట్యూబులో పెట్టి పంపాలి, ఆ ట్యూబు స్టాకు లేక ఉత్తి దూది పుల్లనే సీసాలో పెట్టి, ఎండలో బైక్ మీద జిల్లా కేంద్రానికి పంపిన రోజులు నాకు తెలుసు. ఎండిపోయిన పుల్ల మీద ఏం మొలుస్తుంది? కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ రాలేదని రిపోర్టు వస్తుంది, కలరా లేదని ప్రకటిస్తారు, రికార్డులో తీవ్ర అతిసార వ్యాధి అని రాసి ఫైలు మూసేస్తారు. అదే సెలైన్ పెట్టే ముందు రెండు నిమిషాలు ఆగక్కర్లేకుండా ఆ చేత్తోనే స్వాబ్ తీసి ట్యూబులో పడేస్తే, టీసీబీఎస్ అనే ఆకుపచ్చ ప్లేటు మీద రాసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచితే, కలరా క్రిమి అయితే తెల్లారేసరికి పసుపు రంగు కాలనీలు బొట్లు పెట్టినట్టు లేస్తాయి, ఆ తర్వాత ఇంకో పరీక్షతో ఖాయం చెయ్యొచ్చు. దీనికి కోట్ల మెషీన్లు అక్కర్లేదు.

రోటావైరస్ సంగతి చూడండి. అది బ్యాక్టీరియా కాదు వైరస్ అనుకోండి, కానీ పాఠం అక్కడే ఉంది. 2005 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు దేశమంతా ఆసుపత్రుల్లో విరేచనాలతో చేరిన పసిపిల్లల శాంపిల్స్ వరసగా పరీక్ష చేయిస్తే నూటికి దాదాపు 40 మందిలో రోటావైరసే కనిపించింది. ఆ లెక్క చేతిలో ఉంది కాబట్టే, ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన రకంతో భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ ట్రయల్స్‌లో తీవ్రమైన జబ్బుని సగానికి కాస్త పైన మాత్రమే ఆపినా, పర్లేదు ఇదే మేలు అని ప్రభుత్వం ధైర్యంగా ముందుకెళ్ళింది, 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇవాళ ఏ పీహెచ్‌సీకి వెళ్ళినా పసిబిడ్డకి ఆ చుక్కలు వేస్తున్నారు. మరి బ్యాక్టీరియాలకి అలాంటి లెక్క మన జిల్లాల్లో ఎవరు తీశారు?

షిగెల్లా విషయంలో ఇది ఇంకా ముఖ్యం. జిగట విరేచనాలు, రక్త విరేచనాలు అంటామే, ఎక్కువగా ఇదే. వంద క్రిములు కూడా అక్కర్లేదు, పదో ఇరవయ్యో కడుపులోకి పోతే చాలు జబ్బు వచ్చేస్తుంది, అందుకే ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ అంటుకుంటుంది. ఇదివరకు పనిచేసిన మందులు ఇప్పుడు దీని మీద పనిచెయ్యడం లేదు, సిప్రోఫ్లాక్ససిన్ రకం మందులకి లొంగని షిగెల్లాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తన ప్రమాదకర బ్యాక్టీరియాల జాబితాలో పై స్థాయికి పెంచింది. మందు పోతే మిగిలేది టీకాయే. 2025 జూన్‌లో జీఎస్‌కే కంపెనీ ఇటలీలోని సియెనాలో తయారుచేసిన షిగెల్లా టీకాని ముందుకు తీసుకెళ్ళే బాధ్యత భారత్ బయోటెక్‌కి ఇచ్చింది. ఆ బ్యాక్టీరియా పై పొర నుంచి ఊడే బుడగల్లాంటి వాటినే టీకాగా వాడతారు, ఎంత తెలివైన ఆలోచనో. కానీ షిగెల్లాలో 50 దాకా రకాలున్నాయి, ఆ టీకా వాటిలో నాలుగింటిని మాత్రమే ఎంచుకుంది. మన మన్యంలో, మన మురికివాడల్లో తిరుగుతున్నవి ఆ నాలుగేనా? శాంపిల్ పెంచి రకం తేల్చనిదే ఎవరు చెప్పగలరు? కలరాలో ఇది జరిగింది కూడా. 1992లో మద్రాసులో ఓ139 అనే కొత్త రకం బయటపడింది, దాన్ని చూసి షాంకోల్‌లో ఆ రకాన్ని కూడా కలిపారు, తర్వాత అది దాదాపు కనుమరుగైందని ల్యాబుల లెక్కల్లో తేలాక హిల్‌కోల్‌ని అది లేకుండా ఒకే రకంతో చేశారు, తయారీ సులువైంది. అంటే టీకాలో ఏముండాలో చెప్పేది చివరికి ఆ ప్లేటే. పసిపిల్లల్ని ఎక్కువగా పట్టే ఈటీఈసీ అని ఇ.కోలై బ్యాక్టీరియాలో ఒక రకం ఉంది, అది మామూలు కల్చర్‌లో తెలీదు, క్రిమి జన్యువుల్ని పట్టే పీసీఆర్ పరీక్ష కావాలి, కనీసం శాంపిల్ దాచిపెడితే మెడికల్ కాలేజీలో చెయ్యొచ్చు.

టీకాలెందుకయ్యా, మంచినీళ్ళు ఇవ్వండి చాలు అనేవాళ్ళు ఉంటారు, నేనూ ఆ మాటే ముందు అంటాను. పైపు మురిక్కాలవలోంచి పోతున్నంత కాలం ఏ టీకా పూర్తిగా కాపాడదు. కానీ ఆ పైపులు మార్చడానికి ఏళ్ళు పడుతుంది, ఎస్టిమేట్లు, టెండర్లు, బిల్లులు, ఈలోపు వచ్చే వానాకాలానికి ఊళ్ళో ముసలాళ్ళు, పిల్లలు ఏం చెయ్యాలి? పక్కన ఒడిశా 2011లోనే పూరీ జిల్లా సత్యబాడి బ్లాకులో 30 వేల మందికి పైగా కలరా టీకా మొదటి డోసు తాగించి, మామూలు ప్రభుత్వ సిబ్బందితోనే ఇది అయ్యే పనేనని చూపించింది. అదే ఒడిశాలో మన సరిహద్దునున్న రాయగడలో 2022లో మళ్ళీ కలరా వచ్చింది. వాగులు, సంతలు, చుట్టరికాలు సరిహద్దు చూసుకోవు కదా.

కాబట్టి ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలని నేను అడిగేది ఎక్కువేం కాదు. జూన్‌కి ముందే ప్రతి పీహెచ్‌సీలో స్వాబ్ ట్యూబులు ఉండాలి, మొదటి ఐదారుగురు పేషెంట్ల దగ్గర యాంటీబయాటిక్‌కి ముందే శాంపిల్ తియ్యాలని రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి, రిజల్ట్ ఏదొచ్చినా వారంలో జనానికి చెప్పాలి, కలరా అని తేలితే పరువు పోతుందని దాచొద్దు. రెండు మూడేళ్ళు ఇలా చేస్తే ఏ మండలాల్లో కలరా టీకా ముందుగా తాగించాలో మ్యాపు మన చేతిలో ఉంటుంది, షిగెల్లా టీకా పెద్ద ట్రయల్స్‌కి వచ్చే రోజుకి మన పిల్లల్లో ఏ రకాలున్నాయో వాళ్ళకి చూపించగలం.

మీకు కూడా ఒక విన్నపం సార్. ఈసారి డయేరియా వార్త రాసేటప్పుడు మీ విలేకరుల్ని రెండు ప్రశ్నలు అదనంగా అడగమనండి, స్వాబ్ యాంటీబయాటిక్‌కి ముందు తీశారా తర్వాత తీశారా, కల్చర్‌లో ఏం వచ్చింది. జవాబు రాకపోతే రాలేదనే వెయ్యండి, వారం తర్వాత మళ్ళీ అడిగి మళ్ళీ వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
విజయనగరం జిల్లా