ద్వారం తరవాత కట్టవచ్చు, ముందు తలుపు తెరవండి

సంపాదకుడికి నమస్కారం.

గత నెల మొదట్లో మా అమ్మమ్మ తన 84వ ఏట కన్నుమూసింది. ప్రాథమిక పాఠశాలలో 36 ఏళ్ళు పాఠాలు చెప్పి 1999లో పదవీ విరమణ చేసింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి మా ఊరి పుస్తక నిక్షిప్త కేంద్రాన్ని, అంటే ఊరి చిన్న గ్రంథాలయాన్ని, చేతుల్లోకి తీసుకుని, మంచం పట్టేవరకూ నడిపింది. ఇంట్లో మాకు అమ్మమ్మ, ఊరికి టీచరమ్మ. డెబ్బై ఏళ్ళ పెద్దమనుషులు కూడా ఆమె ఎదురొస్తే సైకిలు దిగి నడిచేవారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. గ్రంథాలయానికి ఆమె పేరు పెడతామని, ముందుభాగంలో స్వాగత ద్వారం కట్టిస్తామని, శిలాఫలకం కోసం మంచి ఫొటో ఒకటి ఇమ్మని అడిగారు. విరాళాలిస్తామని అప్పటికే కొందరు ముందుకొచ్చారట. వారి అభిమానానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ అమ్మమ్మ పోయిన రోజు నుంచి ఈ రోజు వరకూ ఆ గది ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. నేనీ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఆ గదిలో పెద్దగా ఏమీ ఉండదు. రెండు ఇనుప బీరువాలు, ఒక పొడవాటి బల్ల, గోడవారగా బెంచీలు. సాయంత్రం నాలుగింటికి అమ్మమ్మ తాళం తీసేది, ఏడింటికి వేసేది. చినిగిన పుస్తకాలను ఇంటికి తెచ్చి, మైదాపిండి ఉడికించి, ఆ జిగురుతో పుట దగ్గర పుట అతికించేది. పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసేది. పురుగు పట్టకుండా బీరువాల్లో ఎండిన వేపాకు పెట్టేది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా అట్టలు వేసే పని నాదే. మూల సరిగ్గా మడవకపోతే ఏమీ అనకుండా విప్పి మళ్ళీ నా చేతికే ఇచ్చేది.

అందరూ చూడవలసినది ఆమె రిజిస్టరు. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ ఎక్కడైనా ఉండేవే. వాటి పక్కన స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఇంకో గడి గీసుకుంది. దాని మీద ‘ఎలా ఉంది?’ అని రాసి ఉంటుంది. పుస్తకం తిరిగిచ్చేవారెవరైనా ఒక్క మాటైనా చెప్పాలి. రాయలేనివారి మాట తనే రాసేది. ‘చివర్లో ఏడుపొచ్చింది.’ ‘కోతలు, సగమే అయింది, మళ్ళీ కావాలి.’ ‘నాకు నచ్చలేదు, మా అమ్మకు చదివి వినిపిస్తే నచ్చింది.’ ఆలస్యంగా తెచ్చినవారి దగ్గర జరిమానా తీసుకునేది కాదు. బల్ల దగ్గర నిలబడి ఆ పుస్తకంలోంచే ఒక పేజీ పైకి చదవమనేది. చదువు రాదని సిగ్గుపడే పిల్లలు ఆ ఒక్క పేజీ కోసం కావాలనే ఆలస్యం చేసేవారని చాలా కాలం తరవాత నాకు చెప్పింది.

పెద్దకర్మకు వచ్చినవారిలో చాలామంది చేతుల్లో పుస్తకాలున్నాయి. ఆమె ఉండగా తిరిగివ్వలేకపోయినవి. లారీ నడుపుకుంటున్న ఒకాయన, పదో తరగతిలో ఉండగా తీసుకున్న పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టి తెచ్చాడు. రిజిస్టరు తీసి ఆయన పేరు వెతికాను. 2008 నాటి పద్దు. ‘ఎలా ఉంది?’ గడి ఖాళీగా ఉంది. ‘మూడుసార్లు చదివానని రాయండమ్మా’ అన్నాడు. రాశాను.

గ్రంథాలయమంటే ఊరిదేననీ, ఊరే నిలబెట్టుకోవాలనీ అమ్మమ్మకు చిన్నప్పుడే తెలుసు. 1935లో పెదపాలెంకు చెందిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా పంపిన రోజుల్ని వాళ్ళ నాన్నగారు కథలా చెప్పేవారట. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరి గ్రంథాలయాల వారిని ఒకచోట చేర్చి మహాసభ జరిపినప్పుడు, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసినప్పుడు ప్రభుత్వం నుంచి గ్రంథాలయ పన్ను లేదు, గ్రాంటు లేదు. చందాలతో, భుజాల మీద మోతతో నడిపారు. మనకిప్పుడు చట్టం ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. మా ఇంటి పన్ను రసీదులో ఆ పద్దు విడిగా కనిపిస్తుంది. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైన సొమ్ము వేరే ఖర్చులకు వాడుకుని బకాయి పెట్టడం ఒక్క మా ఊరికే పరిమితమైన కథ కాదు. కొత్త పుస్తకాలు ఎందుకు రావడం లేదని అమ్మమ్మ అడిగినప్పుడల్లా ‘నిధులు లేవు’ అన్న జవాబే వచ్చింది. తన పింఛనులోంచి కొని బీరువాలో పెట్టేది. అది ఆమె మంచితనమే. అయితే పన్ను కట్టిన ఊరికి పుస్తకాలు ఒక రిటైరైన టీచరు పింఛనులోంచి రావడమేమిటి?

పైగా అలాంటి మనిషి పోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాం. ఇలాంటి పుస్తక కేంద్రం నడిపేవారికి ఇచ్చే గౌరవ వేతనం నెల కూరగాయలకు కూడా చాలదు. అందుకే ఎవరూ ముందుకు రావడం లేదు. ఆ జీతానికి ఎవరు వస్తారని పెద్దలు అడుగుతున్నారు. ముందు బతకడానికి చాలినంత ఇచ్చి చూడమని నా మనవి. పంచాయతీ నోటీసు బోర్డు మీద ఈ ఏడాది గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, అందులో ఎంత జమ చేశారు అన్న రెండు అంకెలు రాయించాలి. ద్వారం కోసం పోగైన డబ్బు దాతలకు ఇష్టమైతే పుస్తకాలకూ, పిల్లలకు రెండు ఫ్యాన్లకూ ఖర్చు పెట్టాలి. ఇంటి నుంచి ఫొటో కావాలంటే తప్పకుండా ఇస్తాం. తలుపు తెరుచుకున్న రోజున లోపలి గోడకు తగిలించుకోవచ్చు.

తాళంచెవి ఇప్పుడు మా ఇంట్లో, అమ్మమ్మ కళ్ళజోడు పెట్టె పక్కన ఉంది. రిజిస్టరు కూడా నా దగ్గరే భద్రంగా ఉంది. పెద్దకర్మ నాడు తిరిగొచ్చిన పుస్తకాలన్నింటినీ అందులో ఎక్కించాను. ఇంకా పదకొండు రావాలి. వీటిని ఎవరికి అప్పగించాలో అధికారులు చెబితే అదే రోజు సాయంత్రం నాలుగింటికి తెచ్చి ఇస్తాను.

— టీచరమ్మ మనవరాలు, కృష్ణా డెల్టాలోని ఒక గ్రామం