బడిలో పాలాభిషేకాలు ఆపించండి: జిల్లా విద్యాశాఖాధికారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మొన్న మా అబ్బాయి చదివే ప్రభుత్వ బడి గేటు ముందు ఒక నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం జరిగింది. ఆరో తరగతి పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, చేతికో పాల ప్యాకెట్ ఇచ్చి పోయించారు. వాడి చొక్కా ఇంకా పులిసిన వాసనే. ఏ పార్టీ అన్నది నాకు అనవసరం. రేపు ఇంకొకాయన వస్తే ఆయన ఫ్లెక్సీ కడతారు, అంతే తేడా.

రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికే దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలోనే అంబేడ్కర్ హెచ్చరించారు. 1971లో ఇందిరా గాంధీ పార్టీకి 352 సీట్లు ఇచ్చింది మనమే, ఓట్లేసే. నాలుగేళ్లకే ఎమర్జెన్సీ. పత్రికలకు సెన్సారు, విచారణ లేకుండా జైళ్లు. 'ఇందిరే ఇండియా' అన్నది ఎవరో వీధి కార్యకర్త కాదు, సాక్షాత్తూ కాంగ్రెస్ అధ్యక్షుడు బరువా. 42వ సవరణతో లోక్‌సభ గడువును ఐదేళ్ల నుంచి ఆరుకు పెంచుకున్నారు. 1977లో ఉత్తరాది ఆమెను ఓడిస్తే, మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే కట్టబెట్టింది. మన భక్తి కొత్తదేం కాదు లెండి.

బడి ఆవరణలో ఏ నాయకుడికీ అభిషేకాలు, ర్యాలీలు వద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు ప్రవేశికతో పాటు అంబేడ్కర్ ప్రసంగంలోని ఆ భాగం కూడా చదివించండి. ఫ్లెక్సీ ఇంకా గేటుకే ఉంది, ముందు దాన్ని తీయించండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి