నాలుగు బ్రాంచీలు, ఒక రొయ్యల చెరువు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. నాలుగు ఇంజనీరింగ్ బ్రాంచీల పిల్లల్ని ఒకే ప్రాజెక్టులో పెడితే మార్కులు వేయడం తలనొప్పే తప్ప ఏం లాభం అన్నావు కదా. ఈ ఏడాది మావాళ్లు చేసిన పని చెబుతాను, విను.

భీమవరం దగ్గర ఒక వెనామీ రకం రొయ్యల చెరువు తీసుకున్నాం. రొయ్యల రైతుకి అసలు టెన్షన్ తెల్లవారుజామునే. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ దాన్ని వాడుకునేవే. పొద్దు పొడిచే ముందు డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకి జారిందా, ప్రమాదమే. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే పంట చేతికి రాదు. దీన్ని కనిపెట్టి రైతుకి చెప్పే పరికరం చేయమన్నాం.

మొదట్లో ఎవరి పని వాళ్లదే. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లు సెన్సర్ బోర్డు, మెకానికల్ వాళ్లు నీళ్లపై తేలే డబ్బా, సీఎస్ఈ (కంప్యూటర్) వాళ్లు యాప్. విడివిడిగా చూస్తే అన్నీ బాగున్నాయి. కలిపి చెరువులో వదిలితే బ్యాటరీ బరువుకి డబ్బా ఒక పక్కకి ఒరిగి, నీళ్లలో మునిగి ఆక్సిజన్ కొలవాల్సిన ప్రోబ్ నీళ్లపైకి వచ్చేసింది. గాలిలో ఉన్న ప్రోబ్ ఆక్సిజన్ నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది మామా! అంటే రొయ్యలు చచ్చిపోతున్నా యాప్‌లో అంతా బాగున్నట్టే. సీఎస్ఈ అమ్మాయి కోడ్ మొత్తం వెతికింది. తప్పు బ్యాటరీ బిగించిన చోట ఉంది. ఆ రోజు నుంచీ వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు.

తర్వాత ప్రోబ్‌కి పాచి పట్టింది. మెకానికల్ వాళ్లు చిన్న మోటారుతో బ్రష్ పెడదామన్నారు. బ్యాటరీ తినేస్తుందని ఈసీఈ వాళ్లు గొడవ. చివరికి పగలు రీడింగులు తగ్గించి, రాత్రి మాత్రం తరచుగా తీసుకునేలా సీఎస్ఈ వాళ్లు మార్చారు, బ్రష్‌కి కరెంటు మిగిలింది. ఒకరి పరిష్కారం ఇంకొకరికి సమస్య అవుతుందని క్లాసులో ఎంత చెప్పినా ఇంతలా ఎక్కదురా. రీడింగ్ నిజమేనా అని తేల్చింది సివిల్ వాళ్లు. ల్యాబ్‌లో నీటిలోని ఆక్సిజన్‌ని రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిలో, ఆ నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వేసి, అంకెలు సరిపోల్చారు.

అసలు మలుపు రైతు దగ్గర వచ్చింది. పిల్లలు గ్రాఫులు చూపిస్తుంటే, "డీవో మూడైతే ఏంటండి, నాలుగైతే ఏంటండి? ఏరియేటర్ ఆగితే ఫోన్ మోగాలండి, నేను లేస్తాను" అన్నాడు. దాంతో మోటారు లైనుకి కరెంటు సెన్సర్ తగిలించి, మెసేజ్ తీసేసి కాల్ పెట్టారు. గ్రాఫులు వెనక పేజీలోకి వెళ్లాయి.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పుట్టిన ఎంబ్రేస్ అనే ప్రాజెక్టు కథ కూడా ఇలాంటిదే. 2007లో ఒక కోర్సులో ఇంజనీరింగ్, బిజినెస్ విద్యార్థులు కలిసి, పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌ని చౌకగా చేయడానికి దిగారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే పట్నం ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టే పిల్లలేమో పల్లెల్లో ఉన్నారు. యంత్రాన్ని చౌక చేసే ఆలోచన వదిలి, మైనంలాంటి పదార్థం నింపిన సంచీతో పసిబిడ్డను 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచే చిన్న బొంత చేశారు. ఏ ఒక్క బ్రాంచికీ ఆ ఆలోచన తట్టేది కాదని నా నమ్మకం.

మీ దగ్గర మొదలుపెడితే ముందు సివిల్ హెచ్‌ఓడీని పట్టుకో, ఆయన్ని ఎవరూ పిలవరు. రిపోర్టు అందరికీ కలిపి ఒకటే రాయించు. వైవాలో మెకానికల్ అబ్బాయిని కోడ్ గురించి, సీఎస్ఈ అమ్మాయిని డబ్బా గురించి అడుగు. నీ మార్కుల తలనొప్పి సగం అక్కడే తీరుతుంది. సంక్రాంతికి వస్తావుగా, చెరువు దగ్గరికి తీసుకెళ్తాను. ఈలోగా మీ పిల్లలతో ఏ సమస్య పట్టుకుందామనుకుంటున్నావో రాయి. మీ వైపు మిర్చి కల్లాల్లో బోలెడు పని ఉంది.

నీ
మామ