మన బడి కమిటీ జమా ఖర్చులు: 2025 ఏప్రిల్ 1 నుంచి జూన్ 20 దాకా

ఊళ్ళో ఉన్నవాళ్ళకి, హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకుంటున్న మనవాళ్ళకి, బడికి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం. జూన్ 12న బడి తెరిచారు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఈ ఏడు 58 మంది పిల్లలు చేరారు. పోయినేడు ఇదే రోజుకి 51 మందే. బడి తెరిచిన పది రోజుల్లో లెక్క చెబుతామని రసీదు పుస్తకం మొదటి పేజీలోనే రాసుకున్నాం, అందుకని ఈ కాగితం.

స్వాగత ద్వారం సంగతి ముందే చెప్పేస్తాం. చందాకి తిరిగినప్పుడు సగం మంది అడిగింది దాని గురించే. కట్టలేదు. డబ్బంతా నీళ్ళకీ, బాత్రూములకీ, దోమలకీ పోయింది. పోయినేడు ఆగస్టులో ఒకే వారంలో 19 మంది పిల్లలు జ్వరాలతో, విరేచనాలతో మంచాన పడ్డారు. ఇద్దర్ని ఒంగోలు తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ రెండిళ్ళలో ఆసుపత్రికి అయిన ఖర్చు విన్నాక ద్వారం మాట ఎత్తడానికి మాకు నోరు రాలేదు. కోపమొచ్చినవాళ్ళు మమ్మల్ని తిట్టొచ్చు, కానీ ముందు లెక్క చూడండి.

జమ:
పోయినేటి నిల్వ: రూ. 4,310
ఊళ్ళో 92 ఇళ్ళ చందా: రూ. 23,450
బయట ఊళ్ళలో ఉన్న 31 మంది ఫోన్‌పేలో పంపింది: రూ. 41,500
బడి ఆవరణలోని రెండు చింతచెట్ల కాపు వేలం, పంచాయతీ ఒప్పుకోలుతో: రూ. 3,200
తిరునాళ్ళ కమిటీ తన మిగులులోంచి ఇచ్చింది: రూ. 5,000
బ్యాంకు వడ్డీ: రూ. 87
మొత్తం జమ: రూ. 77,547

ఫోన్‌పే డబ్బుల్లో మొదటి రూ. 12,500 కోశాధికారి సొంత ఖాతాకి వచ్చాయి. అది మా తప్పే. ఎవరూ అడగకముందే మేలో ఇద్దరి సంతకాలతో నడిచే కమిటీ ఖాతా తెరిచి, ఆ మొత్తం అందులో వేశాం. పాస్‌బుక్కులో ఆ జమ విడిగా కనిపిస్తుంది. ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వనివాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ రూ. 6,500 ఈ లెక్కలో లేవు.

ఇంకో ప్రశ్న కూడా గట్టిగానే వచ్చింది. పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాల్లో 13,000 పడ్డాయి, మిగతా 2,000 బడుల నిర్వహణకని ప్రభుత్వమే పట్టుకుంది కదా, మళ్ళీ మీ చందా ఏంటని. న్యాయమైన మాటే. అయితే ఆ 2,000 మా కమిటీ చేతికి రావు. ఆ నిధితో మన బడిలో ఏదైనా పని జరిగితే మా ఖర్చు అంత తగ్గుతుందని హెడ్మాస్టరు గారితో చెప్పి ఉంచాం. బ్యాగులు, పుస్తకాలు, బూట్లు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్లలో వస్తున్నాయి కాబట్టి వాటి మీద మేం రూపాయి కూడా పెట్టలేదు.

ఇక ఖర్చులు.

అన్నిటికంటే ముందు నీళ్ళ ట్యాంకు ఎక్కి చూశాం. మూత ఎప్పుడో గాలికి ఎగిరిపోయింది, లోపల ఆకులు, అడుగున చేటెడు బురద. పైన నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి, వాటిలో పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. డెంగీ దోమకి కావాల్సింది అలాంటి తేట నీళ్ళే, మురుక్కాలవ కాదు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. కొత్త మూతకి రూ. 1,150, కడిగిన ఇద్దరికి రూ. 1,400, బ్లీచింగ్ పౌడరుకి రూ. 250, మొత్తం రూ. 2,800. మేం పెట్టిన వాటిలో ఇంత చవగ్గా ఇంత పెద్ద పని జరిగింది ఇంకోటి లేదు. బ్లీచింగ్ ఇష్టమొచ్చినట్టు గుమ్మరించకూడదు. తాజా పౌడరైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. మన రెండు వేల లీటర్ల ట్యాంకుకి టీ స్పూనుకి తలగొట్టి ఒక్కటి. బక్కెట్లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయాలి. గంట ఆగాకే కుళాయిలు తిప్పాలి. తెరిచి ఉంచిన పాత ప్యాకెట్టులో పస ఉండదు.

ట్యాంకు నీళ్ళు చేతులు కడుక్కోడానికీ, బాత్రూములకీ మాత్రమే. తాగడానికి కాదు. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంది. కనిగిరి వైపు పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా, అద్దంలో పళ్ళ మీది మరకలు చూసుకుంటే తెలుస్తుంది. మేం నీళ్ళు కాచే తాగుతాం అని కొందరు తల్లులన్నారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగుతోనూ పోదు. అందుకని బడికి రోజుకి నాలుగు ఆర్వో క్యాన్లు, క్యాను పది రూపాయలు. మొదటి 80 పనిదినాలకి రూ. 3,200 ముందుగా కట్టేశాం. 220 రోజులకి మొత్తం రూ. 8,800 అవుతుంది, మిగతా రూ. 5,600 నిల్వలోంచి ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టాం. కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములు రెండు, రూ. 7,800. ప్లాస్టిక్కువి సగం ధరకే వస్తాయన్న మాట నిజమే. పోయినేడు కొన్నది మార్చికల్లా పగిలింది, అదీ నిజమే. ఇంట్లో కూడా పిల్లలు తాగే నీళ్ళూ, అన్నం వండే నీళ్ళూ క్యానువే వాడండి. గిన్నెలకీ స్నానాలకీ బోరు నీళ్ళు సరిపోతాయి.

చేతులు కడుక్కునే కుళాయిల గట్టుకి రూ. 14,360 అయింది. సిమెంటు, ఇటుక, పైపులు, ఆరు కుళాయిలకి రూ. 9,860. మేస్త్రీకి మూడు రోజులకి రూ. 2,700, కూలీకి రూ. 1,800. ఇది రెండు రోజుల పని. మూడో రోజు ఎందుకైందంటే, మేస్త్రీ పెద్దవాళ్ళ ఎత్తుకి కట్టాడు. ఒకటో తరగతి పిల్లని తెచ్చి నిలబెడితే ముక్కుకి కుళాయి తగిలింది. మూడు కుళాయిలు విప్పి కిందికి దించాం. ఎత్తు ముందే చెప్పాల్సింది మేము, కాబట్టి ఆ రూ. 1,500 దండగ మేస్త్రీది కాదు, మాది. ఇప్పుడు భోజనం గంట కొట్టగానే పిల్లలు వరసలో నిలబడి సబ్బుతో కడుక్కుంటున్నారు. ఇరవై దాకా అంకెలు లెక్కపెట్టేదాకా రుద్దాలని టీచరమ్మ రూలు పెట్టింది. చిన్నవాళ్ళకి అంకెలూ వస్తున్నాయి. సబ్బులు, ఫినాయిలు, చీపుళ్ళు, బక్కెట్లు, పది గోళ్ళ కట్టర్లు కలిపి రూ. 2,145.

బాత్రూములకి రూ. 13,180. పీవీసీ తలుపులు రెండు రూ. 4,700, పైపు సామాను రూ. 3,180, ప్లంబరుకి రూ. 1,800, గుంట తోడిన ట్యాంకరుకి రూ. 3,500. ఆడపిల్లల వైపు తలుపుకి గడియ లేదన్న సంగతి కమిటీలో మగవాళ్ళెవరికీ తెలియదు. డ్వాక్రా గ్రూపు అక్క ఒకామె చెప్పింది. బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళట. ఒంటేలుకి మంట, మలబద్ధకం, తలనొప్పి అంటూ ఇంటికొచ్చే పిల్లల్లో కొందరి జబ్బు ఇదే. మీ పిల్ల ఇచ్చిన నీళ్ళ సీసా నిండుగా వెనక్కి తెస్తుంటే కోప్పడకండి, ఎందుకు తాగలేదో అడగండి.

ఎనిమిది కిటికీలకి దోమల మెష్ రూ. 6,400. డెంగీ దోమ పగలు కుడుతుంది, అంటే పిల్లలు బడిలో ఉండే వేళ. బడిలో మెష్ కొట్టించి, ఇంట్లో తొట్టి పది రోజులు వంచకపోతే లాభం లేదు. శుక్రవారం శుక్రవారం తొట్లు, కుండలు, కూలరు, ఫ్రిజ్ వెనక పళ్ళెం వంచి, తోమి, ఆరబెట్టండి. పశువుల తొట్టి కూడా. దొడ్లో పాత టైర్లు, కొబ్బరి చిప్పలు ఉంచొద్దు. ఆటస్థలంలో నీళ్ళు నిలిచే గుంటలకి నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించాం, రూ. 3,600.

జ్వరం వచ్చినప్పుడు మన ఊళ్ళో ఉన్న అలవాటు గురించి కూడా చెప్పాలి. సూది వేయించుకొస్తే గానీ మనకి తృప్తి ఉండదు. డెంగీ రోజుల్లో నొప్పుల సూదులు, బ్రూఫెన్ లాంటి బిళ్ళలు రక్తస్రావానికి దారి తీయొచ్చు. పిల్లకి ఎంత బరువుంటే అంతకి తగిన పారాసిటమాల్, బాగా నీళ్ళు, మజ్జిగ, గంజి. రెండు రోజుల్లో తగ్గకపోతే పీహెచ్‌సీలో రక్త పరీక్ష. జ్వరం దిగింది కదా అని ధీమా వద్దు. దిగిన ఆ ఒకటి రెండు రోజులే గండం. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, పిల్ల మగతగా పడుండటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చెయ్యండి. బొప్పాయి ఆకు రసం పోస్తూ ఇంట్లో కూర్చోవద్దు.

మందుల పెట్టెకి రూ. 1,870. అందులో దూది, గాజుగుడ్డ, పుండ్ల మందు, థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. మింగే బిళ్ళలు కావాలనే పెట్టలేదు, టీచర్ల నెత్తిన ఆ బరువు వద్దు. ఓఆర్ఎస్ అంటే ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదే. పండ్ల రుచుల డబ్బాలు అవి కావు, వాటిలో చక్కెర ఎక్కువ. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేస్తే పాళ్ళు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఐదేళ్ళలోపు పిల్లలకి విరేచనాలైతే ఆశా అక్క దగ్గర జింకు బిళ్ళలు కూడా తీసుకోండి. విరేచనాలు ఆగినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

బడి వెనక సర్కారు తుమ్మ కొట్టించడానికి జేసీబీ రెండు గంటలు, రూ. 2,400. పని జరుగుతుంటే రెండు కట్లపాములు బయటపడ్డాయి, ఆ రోజు డబ్బు గురించి ఎవరూ అడగలేదు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం చెయ్యొద్దు. కరిచిన చెయ్యీ కాలూ కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మంత్రాల ఆయన దగ్గర గంట పోతే ఆ గంట మళ్ళీ రాదు. కుక్క కరిచినా, గీరినా సబ్బుతో, కారే నీళ్ళ కింద పావుగంట కడగాలి. కారం, సున్నం, కాఫీ పొడి పెట్టొద్దు. టీకా సర్కారు ఆసుపత్రిలో ఉచితం, చెప్పిన రోజులన్నిటికీ వెళ్ళాలి.

రసీదు పుస్తకాలు, జిరాక్సులు, కనిగిరికి ఆటోలు రూ. 1,360. జూన్ 12న మైకు, మిఠాయిలు రూ. 1,450. మైకు అనవసరం అని నా సొంత అభిప్రాయం, మీటింగులో ఓడిపోయాను.

చివర్లో రూ. 640. మేకులు, బందులు, తాడు కొన్న బిల్లు పోయింది. సామాను బడిలో కళ్ళెదుట ఉంది, కాగితం లేదు. లెక్క చూసిన ఇద్దరు, అంటే రిటైరైన పోస్టుమాస్టరు గారూ, డ్వాక్రా అక్కా, దీని మీద సంతకం పెట్టేది లేదన్నారు. వాళ్ళు చేసింది సరైన పనే. కమిటీలో ఐదుగురం తలా రూ. 128 వేసుకుంటున్నాం. అది వచ్చే లెక్కలో జమ కింద కనిపిస్తుంది.

మొత్తం ఖర్చు రూ. 61,205. నిల్వ రూ. 16,342. అందులో బ్యాంకులో రూ. 15,800, చేతిలో రూ. 542. క్యాన్ల డబ్బు తీసేస్తే మిగిలేది రూ. 10,742. దీన్ని అంగన్‌వాడీ గదికి మెష్ కొట్టించడానికి వాడాలా, బోరు మోటారుకి దాచాలా అన్నది తేలలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం బడిలోనే మాట్లాడుకుందాం, తల్లులు కూడా రండి. ఇచ్చినవాళ్ళ పేర్లు గోడ మీద రాయించలేదని ఇద్దరు అలిగారు. పేర్లు రసీదు పుస్తకంలో ఉన్నాయి, గోడకి రంగు వేయాలంటే ఇంకో వసూలు చెయ్యాలి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. నులిపురుగుల బిళ్ళ ఇచ్చే ఆగస్టు 10 ఈసారి ఆదివారం పడింది కాబట్టి తేదీ బడిలో చెబుతారు. ఆ బిళ్ళ నమిలి మింగాలి. కడుపులో పురుగులున్న పిల్లలకి కాస్త వికారం రావొచ్చు, కంగారు పడి టెన్షన్ పెట్టుకోవద్దు. వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ బిళ్ళ వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుంది, అది మామూలే. భోజనం చేశాకే వెయ్యాలి, టీతో కాదు. పదేళ్ళు నిండినవాళ్ళకి టీడీ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా), ఐదారేళ్ళ వాళ్ళకి డీపీటీ (ఆ రెండింటితో పాటు కోరింత దగ్గు కూడా రాకుండా) రెండో బూస్టరు పడిందో లేదో కార్డు చూసుకోండి. ఆటలమ్మ పోసిన పిల్లని పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడికి పంపొద్దు. హాజరు పోతుందని భయం వద్దు, హెడ్మాస్టరు గారితో మాట్లాడాం.

బిల్లులన్నీ, పాస్‌బుక్కు నకలు బడి ఆఫీసు గదిలో ఫైలులో ఉన్నాయి. బడి వేళల్లో ఎవరైనా వచ్చి చూడొచ్చు. రసీదు పోగొట్టుకున్నవాళ్ళు పేరు చెబితే చాలు, నంబరు మేమే వెతికి చూపిస్తాం.

కమిటీ తరఫున, కార్యదర్శి
జూన్ 22, 2025