మా అమ్మ గదిలో గడియారం పెట్టిన పెద్దాయనకి థాంక్స్

రాత్రి రెండున్నర అయింది. నిద్ర పట్టక రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. రెండు వారాలుగా కంటి నిండా పడుకున్నది లేదు.

అమ్మ సెప్టెంబరులో తెనాలి నుంచి మా దగ్గరకి, న్యూజెర్సీకి వచ్చింది. ఆవిడకి పార్కిన్సన్స్ ఉంది. ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, మళ్ళీ రాత్రి 7, ఈ వేళలకి మాత్ర పడాల్సిందే. అరగంట అటూ ఇటూ అయితే మాట నెమ్మదిస్తుంది, గంట దాటితే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. "ఫోన్‌లో అలారం పెట్టొచ్చుగా" అని అడగబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా, పెట్టాం. వేళ్ళు వణికి ఆవిడ ఆపలేకపోతుంది, అది మోగుతుంటే కంగారుపడి ఇంకా బిగుసుకుపోతుంది. అమ్మ నమ్మేది ఒక్కటే, ముళ్ళున్న గోడ గడియారం. దాన్ని చూసుకుని మాత్ర తనే వేసుకుంటుంది. "ఇదొక్క పనైనా నన్ను చేసుకోనివ్వండే" అంటుంది.

నవంబరు 2, ఆదివారం, ఇక్కడ ఏటా అందరూ గడియారాలు గంట వెనక్కి జరిపే రోజు. శనివారం రాత్రి పడుకునే ముందు, అమ్మ చూసుకునే వంటింటి గడియారం నేను గంట వెనక్కి తిప్పాను. తెల్లవారుజామున మంచినీళ్ళకి లేచిన మా ఆయన, నేను మర్చిపోయాననుకుని ఇంకో గంట తిప్పేశారు. అంటే అసలు ఎనిమిదైతే అది ఏడు చూపిస్తోంది. కొత్త టైము లెక్కన మాత్ర గంట ఆలస్యం. అమ్మ ఒంటికి కొత్త టైము పాత టైము ఏం తెలుసు? దాని లెక్కన రెండు గంటలు. గడియారంలో ఏడు ఎప్పుడవుతుందా అని చూస్తూ కూర్చుని, బాత్రూమ్‌కి వెళ్దామని లేచి, గుమ్మం దగ్గర బిగుసుకుపోయి పడిపోయింది. నుదుటి మీద నాలుగు కుట్లు.

ఆసుపత్రి పేరు రాయను. కుట్లు వేసిన అమ్మాయి చేతులు బంగారం, అది ఒప్పుకోవాలి. కానీ ఎమర్జెన్సీలో ఏడు గంటలు. అమ్మ మాత్రలు నా బ్యాగులోనే ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చినవి ఇవ్వకూడదట, వాళ్ళ ఫార్మసీ ఆమోదించి పంపాలట. పదకొండు గంటల మాత్ర ఒకటీ నలభైకి వచ్చింది. ఆ గదిలో మంచానికి ఎదురుగా ఇంత పెద్ద గడియారం ఉంది, సెకన్ల ముల్లుతో సహా. దాన్ని చూస్తూ రెండు గంటల నలభై నిమిషాలు అమ్మ కళ్ళార్పకుండా పడుకుంది. విజిటర్స్ ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఇది ముందు నుంచీ ఉన్న జబ్బు కిందకే వస్తుందంటున్నారు. గుమ్మం దగ్గర పడడం ముందు నుంచీ ఉన్న జబ్బా! సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఇంటికొచ్చిన రాత్రే ఒక రేడియో గడియారం ఆర్డరు పెట్టాను. పాటలు పాడేది కాదు, రేడియో సంకేతం పట్టుకుని టైము తనంతట తనే సరిచేసుకునేది. ఇక్కడ అటామిక్ క్లాక్ అని అమ్ముతారు, దాని లోపల అణువూ లేదు, గిణువూ లేదు. అణు గడియారాలు ఉండేది ప్రభుత్వం దగ్గర. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరి దగ్గర డబ్ల్యూ.డబ్ల్యూ.వి.బి. అని ఒక స్టేషన్ ఉంది. 1963 నుంచీ 60 కిలోహెర్ట్జ్ మీద పగలూ రాత్రీ టైము చెబుతూనే ఉంటుంది. మన గడియారం రాత్రిపూట అది విని ముళ్ళు సర్దుకుంటుంది. మార్చిలో ముందుకి, నవంబరులో వెనక్కి జరగడం కూడా ఆ సంకేతంలోనే వస్తుంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, నాకు కావలసింది అదే. ఎవరూ ముట్టుకోకూడదు.

వచ్చింది. కాగితంలో రాసినట్టే బ్యాటరీ వేసి, వెనకున్న నాలుగు టైమ్ జోన్లలో తూర్పుది ఎంచి బటన్ నొక్కాను. ముళ్ళు గిర్రున తిరిగి పన్నెండు దగ్గర ఆగాయి. అంతే. ఎంతసేపు చూసినా అక్కడే. చివరికి పన్నెండు నుంచి మామూలుగా నడవడం మొదలెట్టింది, అప్పుడు సాయంత్రం ఆరు. రాత్రికి సర్దుకుంటుందన్నారు, సర్దుకోలేదు. కంపెనీ కస్టమర్ కేర్‌లో "కిటికీ దగ్గర పెట్టండి" అన్నారు. మర్నాడు ఇంకొకరు అదే మాట. మూడో రోజు ఇంకొకటి పంపారు, అదీ అంతే. విసుగొచ్చి ముందు అద్దం ఊడదీసి పెద్ద ముల్లుని వేలితో తోశాను. ఆ తెలివితక్కువ పని గురించి కింద చెప్తాను. ఇన్నాళ్ళూ నాలుగు గంటలకోసారి నేనే లేచి, ఆఫీసు మీటింగుల మధ్యలో కిందకి పరిగెత్తి మాత్ర ఇస్తున్నాను. అమ్మ "నా వల్లే కదే" అంటుంది. ఆ మాట వినలేకపోయాను.

శుక్రవారం సాయంత్రం బ్యాటరీల కోసం ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుకెళ్ళాను, గడియారం సంచిలో పెట్టుకుని. అక్కడ పనిచేసే కుర్రాడికి సంగతి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. పక్కన ఏవో స్క్రూలు ఏరుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఏ దిక్కు గోడకి పెట్టావమ్మా?"

ఆయన ఇంగ్లీషులోనే అడిగారు లెండి, కానీ నాకు ఇలాగే వినబడింది. ఇన్ని రోజుల్లో ఏ కస్టమర్ కేరూ అడగని ప్రశ్న అది. దక్షిణం గోడకి అన్నాను. ఆయన నవ్వారు. "అయితే దాని చెవి మూసుకుపోయింది. రేపు రావచ్చా?"

వయసు డెబ్బై ఎనిమిదట. టెలిఫోన్ కంపెనీలో చేసి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ హామ్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లోనే రేడియో సెట్టు పెట్టుకుని సరదాగా సంకేతాలు పంపుకోవడం. శనివారం మధ్యాహ్నం ఒక చెప్పుల డబ్బా అంత పెట్టె పట్టుకుని వచ్చారు. గుమ్మం బయట మా చెప్పులు చూసి, ఎవరూ చెప్పకుండానే వంగి, గోడ పట్టుకుని బూట్లు విప్పారు. అమ్మ మంచం మీద నుంచే అది గమనించింది. "రండి అన్నయ్యగారూ" అంది తెలుగులో. ఆయన తల ఊపి వచ్చి కూర్చున్నారు.

ఆ పెట్టెలో ఆయన సొంతంగా చేసుకున్న రిసీవరు. సంకేతం బాగా అందితే పైనున్న చిన్న ఎర్ర లైటు సెకనుకోసారి తాళం వేసినట్టు మినుకుతుంది. ఆ స్టేషన్ సెకనుకోసారి తన శక్తి తగ్గించి పెంచుతుందట. తగ్గిన వ్యవధిని బట్టి ఒకటో సున్నానో. అలా అరవై సెకన్లకి ఒక పూర్తి వాక్యం: ఏ సంవత్సరం, ఏ రోజు, ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు. ఒక్క సెకను పోయినా గడియారం మళ్ళీ మొదటి నుంచి వినాలి. నాకు పాఠం చెప్పినట్టు కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పారు.

పెట్టె పట్టుకుని గది గది తిరిగాం. టీవీ దగ్గర లైటు పిచ్చి పిచ్చిగా కొట్టుకుంది. అమ్మ మంచం పక్కన ఇంకా ఘోరం. ఆయన వంగి చూసి, ఆవిడ కోసమే కొన్న ఎల్‌ఈడీ దీపాన్నీ, ఫోన్ చార్జరునీ ప్లగ్ నుంచి తీసేశారు. లైటు సగం కుదురుకుంది. మాది పాత ఇల్లు, బయట గోడలకి అల్యూమినియం రేకు తొడుగు. రేకులోంచి సంకేతం రాదు, కిటికీలే దారి. కొలరాడో మాకు పడమర, కొంచెం ఉత్తరంగా, పదిహేను వందల మైళ్ళ పైమాటే. గడియారం లోపల యాంటెన్నా చిన్న పుల్లలా అడ్డంగా ఉంటుంది. పుల్ల కొస కొలరాడో వైపుంటే ఏమీ వినబడదు, పుల్ల పక్క భాగం అటు తిరిగి ఉంటే వింటుంది. అంటే దక్షిణం గోడకి పెడితే పుల్ల కొస కొలరాడో వైపే ఉంటుంది, దండగ. తూర్పు గోడకి, ముఖం పడమటి కిటికీ వైపు ఉండేలా పెట్టాలి.

ఇది అమ్మకి తెలుగులో చెప్పాను. "మొదటి రోజే చెప్పానా, దక్షిణం గోడకి గడియారమేంటే అని!" అంది. ఆవిడ చెప్పింది వాస్తు. ఆయన చెప్పింది యాంటెన్నా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తెగ సంతోషపడ్డారు. నాకు మాత్రం చివాట్లు.

బ్యాటరీ విషయం కూడా ఆయనే పట్టుకున్నారు. నేను వేసినవి మా ఆయన పొదుపు కోసం కొన్న చార్జింగ్ పెట్టుకునేవి, అవి 1.2 వోల్టులే. మామూలు ఆల్కలైన్ అయితే ఒకటిన్నర. ఇక నేను తోసిన ముల్లు. గడియారం తను పన్నెండు దగ్గరున్నాననే అనుకుంటుంది, కానీ ముల్లు ఇరుసు మీద జారి ఏడు నిమిషాలు ముందుంది. అలా వదిలేస్తే సంకేతం అందినా జీవితాంతం ఏడు నిమిషాలు తప్పే! మా వంటింట్లో రెండు టీ చెంచాలు అడిగి, వాటితో ముల్లు పైకి లేపి, సరిగ్గా పన్నెండు మీద కూర్చోబెట్టారు.

"పగలు మీ ఊరికి ఇది సరిగ్గా అందదు. రాత్రి పదికి వస్తాను" అని వెళ్ళిపోయారు. వస్తారని నేను అనుకోలేదు. బయట చలి, ఆ వయసు. పదికి సరిగ్గా వచ్చారు. ఇంట్లో దీపాలన్నీ తీసేసి, బ్యాటరీ వేసి, చీకట్లో అమ్మ మంచం ఎదురుగా కూర్చున్నాం. ముళ్ళు పన్నెండు మీద. ఒక నిమిషం, మూడు, ఆరు. ఎవరం మాట్లాడలేదు. ఎనిమిదో నిమిషం దాటాక పెద్ద ముల్లు ఒక్కసారి కదిలి గిరగిరా తిరగడం మొదలెట్టింది. ఆగదే! "దానికి పూనకం వచ్చిందే" అంది అమ్మ. పది దాటి నలభై ఒకటి దగ్గర ఆగి, బుద్ధిగా టిక్కు టిక్కుమంది. ఆయన తన చేతి గడియారం చూసుకుని తల ఊపారు.

అప్పుడు అమ్మ అడిగింది, "అంటే ఇది రోజూ రాత్రి రేడియో వింటుందా? మీ నాన్నలాగా?" నాన్న మా ఇంటి కీ గడియారాన్ని రోజూ పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తల టైముకి సరిచేసేవారు. అది ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తెనాలికి పట్టుకెళ్ళొచ్చా అని అమ్మ అడిగితే మాత్రం, అక్కడ ఈ సంకేతం అందదు, పైగా దీని జోన్లలో మన ఇండియా టైము లేదు అని చెప్పారు. ఆవిడ మొహం చిన్నబోయింది.

వెళ్ళబోతూ మాత్రల వేళలు అడిగారు. ఏడు, పదకొండు, మూడు, ఏడు. జేబులోంచి పసుపు టేపు తీసి మూడు చిన్న ముక్కలు కత్తిరించి అద్దం మీద ఏడు, పదకొండు, మూడు అంకెల దగ్గర అంటించారు. నాలుగు మాత్రలకి మూడు ముక్కలు సరిపోతాయని ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

ఇదంతా కూడా నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది మర్నాడు జరిగింది. ఆదివారం ఉదయం ఏడుకి ఇంకా అయిదు నిమిషాలుంది. సింకు దగ్గర నిలబడి ఉంటే, పడమటి వైపు కారు దారిలో ఎవరో కనిపించారు. ఆయనే. బెల్లు కొట్టలేదు. తెర తీసి ఉన్న కిటికీలోంచి తూర్పు గోడ మీద గడియారాన్ని చూస్తున్నారు. చేతి గడియారం చూసుకున్నారు, మళ్ళీ గోడ వైపు చూశారు. రాత్రి అది తనంతట తను విన్నదో లేదో, ఏడు గంటల మాత్ర తప్పుతుందేమోనని చూసుకోవడానికి వచ్చారు. సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక టోపీ చెవుల మీదకి లాక్కుని వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయారు. నేను పిలవలేదు. పిలిస్తే గొంతు వచ్చేది కాదు. కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు నేను.

ఆయనే చెప్పారు, 2018లో ఖర్చు తగ్గించడానికి కొలరాడో, హవాయిలలోని ఈ టైము స్టేషన్లు మూసేయాలని ప్రభుత్వ బడ్జెట్‌లో ప్రతిపాదించారట. హామ్ రేడియో వాళ్ళు గొడవ చేశారు, మూతపడలేదు. గంట ముందుకీ వెనక్కీ జరిపే తతంగం మాత్రం ఏటా రెండుసార్లు నిక్షేపంగా జరుగుతుంది, దాన్ని మూసేవాళ్ళు లేరు.

మా ఆయన, పిల్లాడు, డాలస్ నుంచి వచ్చి వారం ఉన్న చెల్లి, వీళ్ళకి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పేదేముంది. (మా ఆయన ఇక ఏ గడియారాన్నీ ముట్టుకోనని ఒట్టేశారు.)

అయ్యో, హార్డ్‌వేర్ షాపు కుర్రాడిని మర్చిపోయాను. బ్యాటరీలకి డబ్బులు తీసుకోలేదు. ఎమర్జెన్సీలో అమ్మకి వెచ్చటి దుప్పటి రెండుసార్లు తెచ్చిన నర్సు. అర్ధరాత్రి అయినా వాట్సాప్‌లో జవాబిచ్చిన తెనాలి డాక్టరు గారు. ఎదురింటి గుజరాతీ ఆంటీ, మూడు రోజులు కిచిడీ పంపారు, ఆవిడ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. కుట్లు విప్పించడానికి తీసుకెళ్ళినప్పుడు వీల్‌చైర్ మడతపెట్టిన ఉబర్ డ్రైవరు.

ఒక సాయం కావాలి. పెద్దాయన ఏం ఇచ్చినా పుచ్చుకోవడం లేదు. అన్నయ్యగారికి అరిసెలు పంపాల్సిందేనని అమ్మ పట్టు. ఆవిడ చేతులు వణుకుతాయి, నాకు పాకం పట్టడం రాదు. ఎడిసన్ చుట్టుపక్కల ఎవరైనా ఇంట్లో చేసి ఇచ్చేవాళ్ళుంటే కింద చెప్పండి. నువ్వులు ఎక్కువ వేయాలట.