మాస్క్ పెట్టుకుని పడుకోవడం నేర్పిన అందరికీ థాంక్స్

ఈ థాంక్స్ ఎప్పుడో చెప్పాల్సింది, పదో తరగతి పరీక్షల డ్యూటీలు, పేపర్లు దిద్దడం అయ్యాక తీరిగ్గా రాద్దామని ఆగాను. నాకు స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది, అదీ తీవ్రంగా. ఇప్పుడు సీప్యాప్ మిషన్, అంటే మాస్క్‌లోంచి గాలిని ఒత్తిడితో పంపే మిషన్ పెట్టుకుని రాత్రంతా పడుకోగలుగుతున్నాను. మిషన్ డబ్బులిస్తే వచ్చింది. దాన్ని నాకు అలవాటు చేసింది మాత్రం కొందరు మనుషులు, ఇదంతా వాళ్ల గురించే.

ముందు మా ఆడబిడ్డకు. ఆడవాళ్లు గురక పెడితే మన ఇళ్లలో అదో పరువు సమస్య కదా. పెళ్లిళ్లలో అందరం హాల్లో వరసగా చాపలేసుకుని పడుకుంటే తెల్లారి నా గురక మీద జోకులే జోకులు, నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. నర్సంపేట పెళ్లిలో తను మాత్రం నవ్వలేదు. గురక ఉన్నట్టుండి ఆగిపోవడం, ఛాతీ కొట్టుకుంటున్నా లోపలికి గాలి పోకపోవడం, కాసేపటికి నేను ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి తీసుకోవడం, ఇదంతా ఫోన్లో వీడియో తీసి పొద్దున్నే మా ఆయన చేతిలో పెట్టింది. "అన్నా, ఇది వట్టి గురక కాదు, వదినను డాక్టర్‌కు చూపించు" అన్నది. అప్పటిదాకా పొద్దున వచ్చే తలనొప్పిని థైరాయిడ్ ఖాతాలో వేశాం, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడటాన్ని వయసు ఖాతాలో వేశాం. బీపీకి రెండో గోలీ మొదలుపెట్టినా ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అర్థం కాలేదు.

హనుమకొండలోనే నిద్ర పరీక్ష చేశారు. తలకు, ఛాతీకి వైర్లు, వేలికి క్లిప్పు, అలా ఎవరికి నిద్ర పడుతుందని గొణుక్కుంటూనే పడుకున్నా. రిపోర్టులో ఏహెచ్ఐ 52 వచ్చింది. అంటే గంటకు సగటున 52 సార్లు ఊపిరి పూర్తిగా ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందన్నమాట, ఒక్కోసారీ కనీసం 10 సెకన్లు. 30 దాటితేనే తీవ్రం అంటారు. రాత్రంతా మేలుకున్న ఆ టెక్నీషియన్ తమ్ముడు పొద్దున ఇంటికి పోయే తొందరలో ఉండి కూడా కూర్చోబెట్టి చెప్పాడు చూడండి, ఆ ఓపికకు దండం పెట్టాలి. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుందట, మిషన్ గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచుతుందట. "ఇది ఆక్సిజన్ కాదు మేడం, గదిలో ఉన్న మామూలు గాలే" అన్నాడు. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టర్ ఈ పద్ధతిని లోకానికి చెప్పాడని కూడా అతనే చెప్పాడు. భయపడే మనిషికి ఇలాంటి ముచ్చట్లు కూడా అక్కరకొస్తాయి.

మిషన్ అమ్మిన షాపు పేరు రాయను. ముఖం కొలత చూడకుండా ముక్కు మీద మాత్రమే పెట్టుకునే మాస్క్ ఒకటి చేతిలో పెట్టి పంపారు. దాని అంచు సరిగ్గా నా ముక్కుపుడక దగ్గర లేచి, గాలి బుస్సున కళ్లలోకి కొట్టేది. పైగా నాకు నిద్రలో నోరు తెరుచుకుంటుంది, ముక్కులోకి పోయిన గాలంతా నోట్లోంచి బయటికి వచ్చేది. మిషన్ పక్కన పెట్టేయాలని గట్టిగా అనుకున్న రోజుల్లోనే మా స్కూల్ సోషల్ టీచర్ కాజీపేట అన్న నంబర్ ఇచ్చింది.

ఆయన రిటైర్డ్ లోకో పైలట్, చాలా ఏళ్లుగా ఇదే మిషన్ వాడుతున్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. ఒక్క ఫోన్‌కే వదినను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. కొలత కాగితం తెచ్చి మా డైనింగ్ టేబుల్ దగ్గరే నా ముఖం కొలిచి, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్క్ కావాలని తేల్చి, నాతోపాటు షాపుకొచ్చి దగ్గరుండి మార్పించారు. దాంట్లో ముక్కుపుడక లోపలే ఉండిపోతుంది, తీయాల్సిన పని లేదు. తర్వాత అసలు పాఠం మొదలుపెట్టారు. పట్టీలు కూర్చుని బిగించొద్దు, మిషన్ నడుస్తుండగా పడుకుని సరిచేసుకోవాలి. ఎక్కువ బిగిస్తే గాలి ఇంకా ఎక్కువ లీకవుతుంది. ముఖానికి కొబ్బరినూనె, క్రీము రాసుకుని పెట్టుకుంటే మాస్క్ సిలికాన్ అంచు జారుతుంది. పగలు టీవీ చూస్తూ పెట్టుకో చెల్లె, నిద్ర గురించి ఆలోచించకు, ముందు మొహానికి అలవాటు కానీ అన్నారు. అదే పనిచేసింది. ఇక కొప్పుతో వెల్లకిలా పడుకుంటే వెనక పట్టీ పైకి జరుగుతుందని, వదులుగా పక్క జడ వేసుకోమని చెప్పింది మాత్రం వదిన. ఇవి ఏ మాన్యువల్లో ఉంటాయి చెప్పండి?

గాలి మింగి కడుపు ఉబ్బరంగా ఉంటోందని చెబితే డాక్టర్ గారు విసుక్కోకుండా మిషన్‌లో రాత్రి వివరాలు నమోదయ్యే కార్డు చూసి, ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గేలా, మొదట్లో మెల్లగా పెరిగేలా పెట్టించారు. ఒత్తిడి మాత్రం సొంతంగా మార్చొద్దని గట్టిగానే చెప్పారు. సార్‌కు కృతజ్ఞతలు.

మా అత్తమ్మ నన్ను మొదటిసారి మాస్క్‌లో చూసి ఏడ్చేసింది, మామయ్య ఐసీయూలో ఉన్న రోజులు గుర్తొచ్చి. అలాంటిది ఇప్పుడు గాలికి తేమ కోసం మిషన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ అయిపోతోందని నాకన్నా ముందు ఆమే గుర్తుచేస్తుంది. చలికాలంలో ట్యూబులో నీళ్లు పట్టి ముక్కు దగ్గర గుడగుడమంటుంటే, పాత నూలు చీర చింపి ట్యూబుకు పొడుగునా తొడుగు కుట్టింది. మిషన్‌ను మంచం కన్నా కింద పెట్టుకోమని అన్న చెప్పారు, ఆ రెండింటితో ఆ బాధ పోయింది.

కింది పోర్షన్ వాళ్లకు కూడా. గాలివాన వచ్చి కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది. మాస్క్‌లో బయటి గాలి వచ్చే వాల్వు ఉంటుంది కాబట్టి ఊపిరాడకపోవడం ఉండదు గానీ నిద్ర చెడిపోతుంది. వాళ్ల ఇన్వర్టర్ నుంచి మా బెడ్రూమ్‌కు ఒక లైను లాగించారు, డబ్బులడిగితే కోప్పడ్డారు.

ఇప్పుడు మిషన్‌లో ఏహెచ్ఐ 5 లోపే చూపిస్తోంది. మధ్యాహ్నం క్లాసులో పిల్లలకన్నా నేనే హుషారు, వాళ్లకది అంతగా నచ్చట్లేదు.

షాపువాళ్లు మాస్క్ మార్చేటప్పుడు ఇంకో సైజు పట్టీల సెట్టు కూడా ఇచ్చారు, నాకు అక్కర లేదు. కొలత కాగితం కూడా అన్న నా దగ్గరే ఉంచారు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల ఎవరైనా మిషన్ కొత్తగా మొదలుపెట్టి ఇబ్బంది పడుతుంటే మెసేజ్ పెట్టండి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.