జొన్న బెండు వెన్నెముక: తల్లిదండ్రులకు ఈ నెల ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మీ ఇళ్లలో జొన్న దంట్లు, పాత సైకిల్ ట్యూబులు, దండెం తాళ్లు ఎందుకు మాయమయ్యాయో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మన ఏడో తరగతి పిల్లలు వాటితో మనిషి శరీరం నమూనాలు చేశారు.

"చార్టు మీద బొమ్మ గీయిస్తే సరిపోయేది కదా మేడం" అని ఒక తండ్రి గేటు దగ్గర అడిగారు. అడగాల్సిన మాటే. కానీ చార్టు మీద చిన్నపేగు జానెడు కూడా ఉండదు. పిల్లలు దండెం తాడును ఆరు మీటర్లు కొలిచి వరండా పొడుగునా పరిచారు. చీర కన్నా పొడవైన ఆ తాడును మడతలు వేసి చిన్న అట్టపెట్టెలో పట్టించడానికి ముగ్గురికి అరగంట పట్టింది. ఆ పొడవు ఇక వాళ్లకు బట్టీ పట్టే పని లేదు. ఊపిరితిత్తులను నీళ్ల సీసా, బెలూన్లతో చేశారు. అడుగున కట్టిన రబ్బరును లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి.

అసలు చెప్పాలనుకున్నది వెన్నెముక గురించి. మన చిన్నప్పుడు జొన్న బెండుతో ఎడ్లబండ్లు చేసుకునేవాళ్లం, గుర్తుందా? అదే బెండును పిల్లలు పూసల్లా కోశారు. మెడకు ఏడు, ఛాతీకి పన్నెండు, నడుముకు ఐదు, కింద త్రికానికి (నడుము కింది ఎముక), అనుత్రికానికి (తోక ఎముక) ఒక్కోటి. మొత్తం 26. పూసకూ పూసకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, అన్నిటినీ తాడుకు గుచ్చారు. దంటు పేళ్లను వంచి పన్నెండు జతల పక్కటెముకలు కట్టారు.

ఒక జట్టు మాత్రం పూసలు జారిపోతున్నాయని ట్యూబు ముక్కలు తీసేసి మధ్యలో ఫెవికాల్ పోసింది. తెల్లారి చూస్తే వెన్నెముక కర్రలా బిగుసుకుపోయింది. వంచబోతే టప్పుమని ఒక పూస విరిగింది. పిల్లలు నవ్వారు. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి, "మా తాత గూడ గిట్లనే లేస్తడు మేడం. నడుం వంగది" అంది. తరగతిలో నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు తర్వాతి పీరియడ్ కూడా ఆ పాఠానికే ఇచ్చేశాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి, ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే ముందు పళ్లకు గార పడుతుంది. తర్వాత ఎముకలను కలిపే పట్టీలు కూడా గట్టిపడి కీళ్లు బిగుసుకుంటాయి. ప్రతి నడుం నొప్పీ ఫ్లోరైడ్ వల్లే రాదని కూడా పిల్లలకు చెప్పాం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచంలో మన నల్లగొండ పేరే ఉందంటే వాళ్లు నమ్మలేదు. నేనూ మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి పెరిగినదాన్నే. కాలేజీ రోజుల్లో నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. మన పిల్లల్లో ఒక్కరికి కూడా ఆ అవసరం రాకూడదు.

అందుకే ఒక మనవి. తాగడానికీ వంటకీ, నది నీళ్లను శుద్ధి చేసి ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. నల్లా రాని రోజుకు ముందే బిందె పట్టి ఉంచండి. బోరు నీళ్లు కాచి తాగితే చాలని కొందరు అనుకుంటున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. పొలానికి వెళ్లేటప్పుడు కూడా పిల్లల చేతికి ఇంటి నీళ్ల సీసా ఇవ్వండి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు ఏదో ఒక రూపంలో రోజూ పెట్టండి. పళ్ల మీద సున్నపు చారల్లాంటి మరకలు కనిపిస్తే పిల్లల్ని కోప్పడకండి. తోమకపోవడం వల్ల వచ్చేవి కావవి. క్లాస్ టీచర్‌కు చెప్పండి, డాక్టర్‌కు చూపిద్దాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు నమూనాలన్నీ వరండాలో పెడుతున్నాం. బిగుసుకున్న వెన్నెముకను మేం బాగు చేయలేదు, వంగే వెన్నెముక పక్కనే ఉంటుంది. రెండింటినీ చేతుల్లోకి తీసుకుని వంచి చూడండి. తాతలను, నాయనమ్మలను కూడా తీసుకురండి. వాళ్లకు మెట్ల అవసరం లేకుండా గేటు పక్కనే కుర్చీలు వేయిస్తున్నాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు